504 వెనకాల ఎవరున్నారు? ఒక కేటలాగ్ సైటు రిపేరు డైరీ

సోమవారం రాత్రి

ఒక స్వచ్ఛంద గ్రంథాలయం వాళ్ల కేటలాగ్ సైటు ఈ మధ్యే నా చేతికొచ్చింది. పుస్తకం పేరు కొడితే రచయిత, అట్ట బొమ్మ, ఏ బీరువాలో ఉందో చూపిస్తుంది. అంతకుమించి పెద్ద హంగులేం లేవు. ముందు బ్రౌజర్ల రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్, దాని వెనక సైటు పీహెచ్‌పీ కోడ్‌ని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం, ఆ వెనక డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. అన్నీ కలిపి 2 జీబీ ర్యామ్ ఉన్న ఒకే చిన్న వర్చువల్ సర్వర్ మీద నడుస్తున్నాయి.

ఫిర్యాదు ఏంటంటే, "అప్పుడప్పుడు సర్వర్ ఎర్రర్ వస్తోంది". ఈ "అప్పుడప్పుడు" అన్న మాటంటేనే నాకు టెన్షన్. పూర్తిగా పడిపోయిన సైటును లేపడం తేలిక, ఎందుకంటే అది మన కళ్ల ముందే పడి ఉంటుంది. అప్పుడప్పుడు పడేది మాత్రం మనం చూసేసరికి లేచి నిలబడి ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

పాఠకులు పంపిన స్క్రీన్‌షాట్లు తెరిచి చూశాను. ఎక్కువ వాటిలో 504, కొన్నిటిలో 502, ఒకటి రెండిట్లో 500. వాళ్ల దృష్టిలో అన్నీ ఒకటే, "సర్వర్ ఎర్రర్". కానీ 5తో మొదలయ్యే ఈ కోడ్‌లు ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతాయి. 500 అంటే ప్రోగ్రామ్ తన పని మధ్యలో కూలబడింది. 502 అంటే ముందు నిలబడ్డవాడికి వెనకవాడి నుంచి సరైన జవాబు రాలేదు. 503 అంటే ప్రస్తుతం సేవ చేసే స్థితిలో లేను, తర్వాత రా అని. 504 అంటే ముందున్నవాడు వెనకవాడి కోసం చూసి చూసి విసిగిపోయాడు.

ఇంకో చిన్న ఆధారం కూడా దొరికింది. 502, 504 పేజీల అడుగున ఎన్‌జిన్‌ఎక్స్ పేరుంది. 500 వచ్చిన చోట తెల్లటి ఖాళీ పేజీ. అంటే మొదటి రెండూ చెప్పింది ఎన్‌జిన్‌ఎక్స్, మూడోది పీహెచ్‌పీ పని. రెండు వేర్వేరు జబ్బులు కావచ్చు. అందుకే 500ని పక్కన పెట్టి ముందు 504 వెంట పడదామనుకున్నాను.

ఏ పొరలో తేడా ఉందో తేల్చడానికి మూడు ఫైళ్లు సిద్ధం చేసి పెట్టాను. ఒకటి ఉత్త టెక్స్ట్ ఫైలు, దాన్ని ఎన్‌జిన్‌ఎక్స్ నేరుగా ఇస్తుంది. రెండోది ఒక్క పదం మాత్రమే ప్రింట్ చేసే పీహెచ్‌పీ. మూడోది డేటాబేస్‌లో ఒక్క వరుస చదివే పీహెచ్‌పీ. సైటు ఆగినప్పుడు ఈ మూడిటినీ వరుసగా అడిగితే ఎక్కడ తెగిందో నిమిషంలో తెలిసిపోతుంది.

పనిలో పనిగా క్రాన్‌ట్యాబ్ (టైము ప్రకారం వాటంతటవే నడిచే కమాండ్ల జాబితా) తెరిస్తే ఒక లైను కనిపించింది. రోజూ తెల్లవారుజామున పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం‌ని రీస్టార్ట్ చేస్తోంది. ఎందుకన్నది ఎక్కడా రాసి లేదు. గ్రంథాలయం చూసుకునే ఆవిడని అడిగితే, "ఆగిపోతే రీస్టార్ట్ కొట్టమన్నారండీ. కొడితే బాగయ్యేది. రోజూ కొట్టలేక అలా పెట్టించాం" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. కానీ రీస్టార్ట్‌తో రోగం పోదు, రోగి చెప్పబోయేది మనం వినకుండా పోతుంది. ఏ ప్రాసెస్ ఎక్కడ ఇరుక్కుందో చెప్పే ఆధారమంతా ఆ ఒక్క కమాండ్‌తో చెరిగిపోతుంది. "ఈసారి ఆగితే రీస్టార్ట్ చేయకుండా వెంటనే నాకొక ఫోన్ చేయండి" అని చెప్పి ఆ క్రాన్ లైనును కామెంట్‌లో పెట్టాను, అంటే నడవకుండా ఆపాను.

మంగళవారం

పొద్దున్నంతా లాగ్‌లతోనే సరిపోయింది.

వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నీ ఎన్‌జిన్‌ఎక్స్ రాసుకునే యాక్సెస్ లాగ్‌లో ఆలస్యం వివరాలే లేవు. డిఫాల్ట్ ఫార్మాట్‌లో ఎవరు అడిగారు, ఏది అడిగారు, ఏ కోడ్ వెళ్లింది అన్నవి ఉంటాయిగానీ ఎంతసేపు పట్టిందో ఉండదు. లాగ్ ఫార్మాట్‌కి మూడు వేరియబుల్స్ కలిపాను: మొత్తం రిక్వెస్ట్‌కి పట్టిన సమయం, వెనకున్న పీహెచ్‌పీ తీసుకున్న సమయం, అది ఇచ్చిన స్టేటస్. కాన్ఫిగ్ మార్చాక ఎన్‌జిన్‌ఎక్స్ మైనస్ టీ కొట్టి తప్పుల్లేవని చూసుకుని, రీస్టార్ట్ కాకుండా రీలోడ్ చేశాను. రీలోడ్ అయితే నడుస్తున్న కనెక్షన్లు తెగవు.

ఎర్రర్ లాగ్‌లో రెండు రకాల లైన్లు పదే పదే ఉన్నాయి. ఒకదాంట్లో 110, అంటే టైమౌట్. పీహెచ్‌పీ నుంచి జవాబు మొదటి అక్షరం కూడా రాకముందే ఎన్‌జిన్‌ఎక్స్ ఓపిక అయిపోయింది. ఆ ఓపిక డిఫాల్ట్‌గా 60 సెకన్లు. ఇదే బయటికి 504గా కనిపిస్తుంది. రెండోదాంట్లో 11, పీహెచ్‌పీ సాకెట్‌కి (అది రిక్వెస్టులు అందుకునే గుమ్మం) కనెక్ట్ అవ్వబోతే క్యూ నిండిపోయి లోపలికే రానివ్వలేదని. ఇది 502. అంటే నాకు వచ్చిన 502, 504 రెండూ ఒకే రద్దీకి రెండు దశలు. క్యూలో నిలబడి ముందుకు కదలకపోతే 504, అసలు క్యూలోనే చోటు లేకపోతే 502.

యాక్సెస్ లాగ్‌లో ఇంకోటి ఆసక్తిగా అనిపించింది: 499లు. ఇది హెచ్‌టీటీపీ ప్రమాణాల్లో ఉన్న కోడ్ కాదు, ఎన్‌జిన్‌ఎక్స్ తన లాగ్ కోసం తానే పెట్టుకున్న గుర్తు. జవాబు వచ్చేలోపే అవతలివాళ్లు కనెక్షన్ తెంచుకుని వెళ్లిపోయారని అర్థం. ప్రతి 504కి ముందు అదే చిరునామా నుంచి, అదే పేజీకి వరసగా 499లు ఉన్నాయి. పేజీ రాకపోతే మనం ఏం చేస్తాం? రీఫ్రెష్ కొడతాం. మళ్లీ కొడతాం. వాళ్లూ అదే చేశారు. ఈ ముక్క గుర్తుంచుకోవాలి, రేపు పనికొస్తుంది అనుకున్నాను.

తర్వాత పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం లాగ్ తీశాను. "మ్యాక్స్ చిల్డ్రన్ 5కి చేరింది, పెంచే సంగతి ఆలోచించండి" అన్న హెచ్చరిక అడుగడుగునా ఉంది. ఉన్నది ఐదుగురు వర్కర్లు, అంటే ఒక్కోటి ఒక్కో రిక్వెస్ట్‌ని పట్టే పీహెచ్‌పీ ప్రాసెస్‌లు. ఆరోవాడు ఆగాల్సిందే. బ్యాంకులో ఐదు కౌంటర్లు ఉన్నట్టు. ఐదుగురూ ఎవరికో ఫోన్ చేసి లైన్లో ఎదురుచూస్తూ కూర్చుంటే, పాస్‌బుక్ ఎంట్రీకి వచ్చినవాడు కూడా నిలబడాల్సిందే.

లాగే పెంచమంటోంది కదా అని వెంటనే పెంచేయాలనిపిస్తుంది. ఎవరో ఇంతకుముందు ఆ పని చేసినట్టే ఉన్నారు. కాన్ఫిగ్ ఫైలు పాత కాపీలో అదే లైను 40 అని ఉంది. అదే కాలానికి చెందిన కెర్నల్ (లైనక్స్ మూలభాగం) లాగ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ, మైఎస్‌క్యూఎల్ ప్రాసెస్‌ని చంపాను" అన్న లైను కూడా దొరికింది. లెక్క వేస్తే ఆశ్చర్యమేం లేదు. ఈ సైటులో ఒక్కో వర్కర్ సుమారు 70 ఎంబీ తింటోంది. 40 మందికి 2,800 ఎంబీ. ఉన్నది 2,048. మెమరీ చాలకపోతే లైనక్స్ సాధారణంగా ఎక్కువ తింటున్నవాణ్ణే వెతికి చంపుతుంది. అలా డేటాబేస్ పోయింది, సైటు మొత్తం పడింది, మళ్లీ ఐదుకి దించేశారు. లోపల పని ఎందుకు నెమ్మదిగా జరుగుతోందో తెలియకుండా వర్కర్లను పెంచితే, నిండడానికి ఇంకాస్త టైము పడుతుంది. తేడా అంతే.

కాబట్టి వర్కర్ల సంఖ్య ముట్టుకోలేదు. ఆ ఐదుగురూ ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో ముందు చూడాలి.

బుధవారం

ఎఫ్‌పీఎంలో స్లో లాగ్ అని ఒకటుంది. చాలామంది ఆన్ చేసుకోరు. ఎందుకో నాకు అర్థం కాదు. ఒక రిక్వెస్ట్ మనం చెప్పిన గడువు దాటితే, ఆ క్షణాన వర్కర్ ఏ ఫైల్లో ఏ లైను దగ్గర ఉన్నాడో రాసిపెడుతుంది. గడువు 5 సెకన్లు పెట్టి, ఎంతమంది వర్కర్లు బిజీగా ఉన్నారో, క్యూ ఎంత ఉందో చూపించే స్టేటస్ పేజీ కూడా తెరిచాను. ఈ స్టేటస్ పేజీతో ఒక తంటా ఉంది. మామూలుగా పెడితే దానికి జవాబు చెప్పాల్సింది కూడా ఆ వర్కర్లే. అందరూ ఇరుక్కున్నప్పుడు, అంటే మనకు అది కావాల్సిన సమయానికే, అదీ రాదు. పీహెచ్‌పీ 8.0 నుంచి స్టేటస్‌కి వేరే సాకెట్ ఇచ్చుకునే వీలు పెట్టారు. అది వాడాను.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "ఆగిపోయిందండీ, నేనేం ముట్టుకోలేదు."

ముందు ఆ మూడు ఫైళ్లు అడిగాను. టెక్స్ట్ ఫైలు టక్కున వచ్చింది. ఒక్క పదం ప్రింట్ చేసే పీహెచ్‌పీ మాత్రం తిరుగుతూ ఉండిపోయింది. డేటాబేస్‌ని అసలు ముట్టుకోని ఫైలే రాకపోతే, డేటాబేస్ మీద అనుమానం అక్కడికక్కడే సగం పోయినట్టే. మిగతా సగం మైఎస్‌క్యూఎల్‌లో ప్రాసెస్‌లిస్ట్ (ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చెప్పే జాబితా) చూస్తే పోయింది. అక్కడ కనెక్షన్లన్నీ ఖాళీగా నిద్రపోతున్నాయి. సీపీయూ కూడా ఖాళీ. సర్వర్‌లో ఎవరూ ఏ పనీ చేయడం లేదు, అయినా ఎవరికీ తీరిక లేదు.

స్టేటస్ పేజీలో ఐదుకి ఐదుగురూ బిజీ, క్యూ పెరుగుతోంది. స్లో లాగ్ తెరిస్తే అందులో ఐదు రికార్డులు. ఒకదాంట్లో పై లైను కర్ల్ ఎగ్జెక్, అంటే బయటి సర్వర్‌ని అడిగి జవాబు కోసం ఆగే ఫంక్షన్. దాని కింద అట్ట బొమ్మ తెచ్చే ఫంక్షన్, దాని కింద వెతుకులాట ఫలితాల పేజీ. మిగతా నాలుగింటిలో పై లైను ఒక్కటే: సెషన్ స్టార్ట్.

ఈ నాలుగు దగ్గర కాసేపు ఆగాల్సొచ్చింది. సెషన్ మొదలుపెట్టడానికి ఐదు సెకన్లు పట్టడమేంటి? సెషన్ అంటే పేజీ మారినా ఒక్కో పాఠకుడి వివరాలు గుర్తుపెట్టుకునే చోటు. పీహెచ్‌పీ మామూలుగా దాన్ని ఒక ఫైల్లో దాస్తుంది. ఒక రిక్వెస్ట్ ఆ ఫైలు తెరవగానే తాళం వేసుకుంటుంది. పేజీ పూర్తయ్యేదాకా ఆ తాళం తీయదు. అదే మనిషి నుంచి రెండో రిక్వెస్ట్ వస్తే సెషన్ ఫైలు అదే కాబట్టి బయట నిలబడుతుంది. ఇప్పుడు నిన్నటి 499లు గుర్తు చేసుకుందాం. ఒక పాఠకుడు వెతికాడు. పేజీ రాలేదు. రీఫ్రెష్ కొట్టాడు. బ్రౌజర్ పాత కనెక్షన్ తెంచేసింది, ఎన్‌జిన్‌ఎక్స్ 499 రాసుకుంది. కానీ లోపల పీహెచ్‌పీ వర్కర్‌కి ఆ కబురు అందదు. బయటికి ఏదైనా పంపబోయినప్పుడే అవతల మనిషి లేడని తెలుస్తుంది. మొదటి వర్కర్ కర్ల్ దగ్గర, రీఫ్రెష్‌కి ఒకరు చొప్పున మిగతావాళ్లు తాళం దగ్గర. నాలుగుసార్లు రీఫ్రెష్ కొట్టిన ఒక్క మనిషి చాలు, సైటు మొత్తం ఆగడానికి. రద్దీ ఎక్కువై సర్వర్ తట్టుకోలేకపోతోందని అందరూ అనుకుంటున్నది ఈ ఒక్క మనిషి ఓపికలేనితనం!

ఇక రీస్టార్ట్ ఎందుకు పనిచేసేదో కూడా తేలిపోయింది. ఐదుగురినీ చంపి కొత్తవాళ్లను పెడితే తాళాలన్నీ ఊడిపోతాయి. మళ్లీ ఎవరో వెతికేదాకా ప్రశాంతం.

గురువారం

ఇప్పుడు ఆ కర్ల్ సంగతి. పుస్తకం అట్ట బొమ్మ మన దగ్గర లేకపోతే, బయటి సేవ ఒకదాన్ని అడిగి తెచ్చి డిస్క్‌లో దాచే కోడ్ అది. ఆలోచన బాగానే ఉంది. రాసిన తీరు చూస్తేనే గుండె గుభేలుమంది.

మొదటిది, టైమౌట్ లేదు. పీహెచ్‌పీలో కర్ల్‌కి మొత్తం గడువు మనం పెట్టకపోతే సున్నా, అంటే ఎంతసేపైనా ఆగుతుంది. కనెక్ట్ అయ్యే దశకి మాత్రమే డిఫాల్ట్ గడువుంది, అదీ 300 సెకన్లు. "పీహెచ్‌పీకి 30 సెకన్ల హద్దు ఉంది కదా, అది ఆపదా?" అని ఎవరైనా అడగొచ్చు. ఆపదు. లైనక్స్ మీద ఆ హద్దు స్క్రిప్టు నడిచిన సమయాన్నే లెక్కేస్తుంది. నెట్‌వర్క్ జవాబు కోసం ఊరికే కూర్చున్న సమయం అందులో కలవదు. కాన్ఫిగ్‌లో ఆ 30 అంకె చూసి ధైర్యంగా ఉన్నవాళ్లు ఒకసారి మళ్లీ చూసుకోవాలి.

రెండోది ఇంకా ఘోరం. బొమ్మ దొరికితే దాస్తుంది. దొరకకపోతే దొరకలేదన్న సంగతి ఎక్కడా రాసుకోదు. పాత పుస్తకాలకు ఆ సేవ దగ్గర బొమ్మలుండవు. కాబట్టి అలాంటి పుస్తకం ఫలితాల్లో కనిపించిన ప్రతిసారీ మళ్లీ వెళ్లి అడుగుతుంది, మళ్లీ లేదనిపించుకుని వస్తుంది.

మూడోది, ఫలితాల పేజీలో 20 పుస్తకాలు. ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంది. సర్వర్ నుంచే కర్ల్ కమాండ్‌తో కొలిచి చూశాను. కనెక్షన్ క్షణంలో కలుస్తోంది, డీఎన్‌ఎస్‌లో (సైటు పేరుని బట్టి సర్వర్ చిరునామా వెతికే దశలో) ఆలస్యం లేదు. మొదటి బైట్ రావడానికే నాలుగు సెకన్ల దాకా పడుతోంది. సాయంత్రం మళ్లీ కొలిస్తే అర సెకను కూడా పట్టలేదు. నాలుగు సెకన్ల చొప్పున ఇరవై పుస్తకాలకి 80 సెకన్లు. ఎన్‌జిన్‌ఎక్స్ ఓపిక 60. అర సెకను చొప్పున అయితే 10 సెకన్లు, పేజీ నింపాదిగా వస్తుంది, ఎవరూ ఫిర్యాదు చేయరు.

"అప్పుడప్పుడు" అంటే ఇదన్నమాట. పాత పుస్తకాల కోసం వెతికినప్పుడు, అదీ బయటి సేవ నీరసంగా ఉన్న సమయంలో. కొత్త పుస్తకాలు వెతికేవాళ్లకి ఈ ఇబ్బందే తెలియదు. గ్రంథాలయం వాళ్లు పరీక్షించేటప్పుడు ఎప్పుడూ కొత్తగా ఎక్కించిన పుస్తకాలే వెతికేవారట.

మందు ఏమిటి? ఒక్కో కర్ల్‌కి 5 సెకన్ల గడువు పెడితే చాలనిపిస్తుంది, కానీ 5 ఇంటూ 20 అంటే 100 సెకన్లు. గడువు కావాలి, అది ఒక్కటే సరిపోదు. పాఠకుడు పేజీ కోసం కూర్చున్నప్పుడు బయటివాళ్ల గుమ్మం తొక్కే పనే ఉండకూడదు. అందుకని ఫలితాల పేజీలోంచి ఆ కాల్ మొత్తం తీసేశాను. బొమ్మ డిస్క్‌లో ఉంటే చూపిస్తుంది, లేకపోతే ఒక మామూలు బొమ్మ పెట్టి ఆ పుస్తకం నంబరును ఒక టేబుల్‌లో రాసుకుంటుంది. వెనక పది నిమిషాలకోసారి నడిచే స్క్రిప్టు ఆ జాబితా తీసుకుని, కనెక్ట్‌కి 2 సెకన్లు, మొత్తానికి 5 సెకన్లు గడువుతో తెస్తుంది. దొరకకపోతే దొరకలేదని తేదీతో సహా రాసి, నెల దాకా మళ్లీ అడగదు.

సెషన్ తాళం సంగతి కూడా సర్దాను. వెతుకులాట పేజీకి సెషన్‌లో కావాల్సింది భాష ఎంపిక ఒక్కటే. చదివిన వెంటనే మూసేసే పద్ధతి పీహెచ్‌పీ 7.0 నుంచే ఉంది. సెషన్ స్టార్ట్‌కి రీడ్ అండ్ క్లోజ్ అన్న ఆప్షన్ ఇస్తే తాళం పట్టుకుని కూర్చోదు. అయితే ఆ తర్వాత సెషన్‌లో రాసింది నిలవదు, కాబట్టి లాగిన్ పేజీల్లో దీన్ని పెట్టలేదు.

చివరి రక్షణగా ఎఫ్‌పీఎంలో రిక్వెస్ట్ టర్మినేట్ టైమౌట్ 30 సెకన్లు పెట్టాను. డిఫాల్ట్ సున్నా, అంటే ఎప్పటికీ చంపదు. ఇది పెట్టేవాళ్లకి ఒక మాట: ఆ గడువుకి వర్కర్‌ని చంపితే ఎన్‌జిన్‌ఎక్స్‌కి తెగిన కనెక్షన్ కనిపిస్తుంది, అది 502 చూపిస్తుంది. నిన్నటిదాకా 504 వచ్చిన చోట ఇవాళ 502 వస్తే కొత్త జబ్బు పుట్టిందని కంగారు పడొద్దు.

మార్పులన్నీ ఎక్కించే కాసేపూ సైటును 503తో మూశాను, ఎంతసేపటికి మళ్లీ రావాలో చెప్పే రిట్రై ఆఫ్టర్ హెడర్ పెట్టి. 503 చూస్తే సెర్చ్ ఇంజన్లకి ఇది తాత్కాలికమని అర్థమవుతుంది. అంతా బాగుందని చెప్పే మామూలు 200 కోడ్‌తో "పని జరుగుతోంది" పేజీ పెడితే అదే అసలు పేజీ అనుకునే ప్రమాదముంది.

శుక్రవారం

పక్కన పెట్టిన 500. ఇది పెద్ద కథ కాదు. పీహెచ్‌పీ ఎర్రర్ లాగ్‌లో అన్నిటికీ ఒకటే లైను: 13,42,17,728 బైట్ల మెమరీ హద్దు దాటింది. ఆ అంకె 128 ఎంబీ, పీహెచ్‌పీ డిఫాల్ట్. తెరమీద ఎర్రర్లు చూపించడం ఆపేసి ఉంది కాబట్టి చూసేవాళ్లకి తెల్ల పేజీ. అది ఆపేసి ఉండటమే మంచిది, ఫైళ్ల దారులన్నీ బయటివాళ్లకి చూపించక్కర్లేదు.

మొత్తం కేటలాగ్‌ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ పట్టికగా) దించుకునే పేజీ అది. వరుసలన్నీ ఒకేసారి మెమరీలో ఒక అరేలోకి (జాబితాలోకి) లాగి, తర్వాత రాయడం మొదలుపెడుతోంది. ఒక్కో వరుస చదివి అప్పటికప్పుడు బయటికి రాసేలా మార్చాను. అయినా మెమరీ తగ్గలేదు. ఎందుకంటే పీహెచ్‌పీలో మైఎస్‌క్యూఎల్ క్వెరీ మామూలుగా బఫర్డ్. మనం ఒక్కో వరుస అడిగినా, వెనక మొత్తం ఫలితం ముందే మెమరీలోకి వచ్చి కూర్చుంటుంది. ఆ పేజీ వరకు అన్‌బఫర్డ్ చేశాక మెమరీ వాడకం కొన్ని ఎంబీల దగ్గర నిలిచిపోయింది. అన్‌బఫర్డ్‌లో ఆ ఫలితం పూర్తిగా చదివేదాకా అదే కనెక్షన్ మీద ఇంకో క్వెరీ వేయకూడదు. లూప్ లోపల రచయిత పేరు కోసం వేరే క్వెరీ ఉంది, దాన్ని జాయిన్‌గా, అంటే మొదటి క్వెరీలోనే కలిసొచ్చేలా మార్చాల్సొచ్చింది. మెమరీ హద్దును 512కి పెంచితే క్షణంలో అయిపోయే పనే, కానీ 2 జీబీ సర్వర్ మీద ఆ ఉదారత్వం ఎక్కడికి దారితీస్తుందో కెర్నల్ లాగ్‌లో చూశాం కదా.

ఆదివారం

వారాంతంలోనే జనం ఎక్కువగా వస్తారు కాబట్టి ఇవాళ లాగ్ పక్కనే కూర్చున్నాను. వెతుకులాట పేజీలు సెకనులోపే వస్తున్నాయి. 499లు దాదాపు పోయాయి, పేజీ వెంటనే వస్తుంటే రీఫ్రెష్ కొట్టేవాళ్లెవరు? మధ్యాహ్నం బయటి సేవ మళ్లీ నీరసపడింది. బొమ్మల స్క్రిప్టు లాగ్‌లో టైమౌట్లు వరసగా పడ్డాయి, సైటు మీద మాత్రం కొన్ని పుస్తకాలకి మామూలు బొమ్మ కనిపించింది, అంతే.

ఇప్పుడు వర్కర్ల సంఖ్య పెంచాను. మైఎస్‌క్యూఎల్, మిగతా సిస్టం కలిపి దాదాపు 900 ఎంబీ పోగా మిగిలినదాంట్లో 12 మందికి 840 ఎంబీ సరిపోతుంది, కాస్త ఊపిరాడే చోటూ ఉంటుంది. తెల్లవారుజాము రీస్టార్ట్ క్రాన్ లైనును పూర్తిగా తీసేశాను. "తీసేస్తే ఏం కాదు కదండీ?" అని ఆవిడ రెండుసార్లు అడిగారు. స్టేటస్ పేజీలో క్యూ పెరిగితే మెయిల్ వచ్చే చిన్న స్క్రిప్టు పెట్టి, ఆ మెయిల్ ఇద్దరికీ వచ్చేలా చేశాను.

మిగిలిన పని: లాగిన్ పేజీల్లో సెషన్ తాళం ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. గడువు దాటిన పుస్తకాల గుర్తుచేసే మెయిళ్లు పంపే పేజీ కూడా బయటి మెయిల్ సర్వర్‌తో పాఠకుడి ముందే మాట్లాడుతోంది, దాన్నీ వెనక స్క్రిప్టులోకి తోయాలి. వచ్చే వారం అక్కడి నుంచి మొదలు.